పచ్చ వెలిగితే చాలన్నాడు

నాన్న పోయాక వాద్యబృందం తమ్ముడి చేతికి వచ్చింది, శృతి చూసే పని అక్క చేతికి వచ్చింది. తెర లేచే ముందు అందరూ ఆమె వైపు తిరిగేవారు. ఆమె ఫిడేలు మీద ఒక్క తీగ లాగేది. మిగతావాళ్లు బిరడాలు తిప్పుకుంటూ వచ్చి ఆ స్వరంలో కలిసేవారు. ఆమె తల ఊపేదాకా ఎవరూ మొదలుపెట్టకూడదు. ఆమెకు పిల్లల్లేరు, ఉండే ఇల్లు తమ్ముడిది. ఆ తల ఊపడం ఒక్కటే ఆమె సొంతం.

తమ్ముడు అందరికీ ట్యూనర్లు కొన్నాడు. వాద్యం మెడకు తగిలించి తీగ మీటాలి. స్వరం కుదరగానే పచ్చలైటు వెలుగుతుంది.

"పచ్చ వెలిగితే చాలు. అక్కకి ఈమధ్య చెవుడొస్తోంది, ఇంక ఆవిడ్ని ఇబ్బంది పెట్టొద్దు," అని అందరి ముందూ చెప్పాడు.

ఆమెకు చెవుడు లేదు. వంటింట్లో చెంబు జారిపడితే అది ఏ స్వరమో చెప్పగలదు.

"ఎందుకురా అబద్ధం?" అని ఇంటికొచ్చాక అడిగింది.

"ఊరికే పక్కన పెడితే బాగుండదు కదక్కా. నీ గౌరవం కోసమే."

ఆ రోజునుంచి అందరూ ఆమెతో అరిచి మాట్లాడేవారు. గిటారు వాయించే బాబాయైతే చేతులు కూడా తిప్పేవాడు.

తెగిన తీగలు మార్చే పని మాత్రం ఆమెకే వదిలారు. వాద్యాలు ముందుగదిలో గోడకు ఆనించి ఉండేవి, ట్యూనర్లు వాటి మెడలకే ఉండేవి. ఒకసారి దుమ్ము తుడుస్తుంటే ఒక ట్యూనరు బొత్తాం నొక్కుకుపోయింది. తీగ బిగించింది. పచ్చ వెలిగింది. చెవి ఒప్పుకోలేదు. మళ్లీ నొక్కి చూసింది. ట్యూనరు సరైనదనుకునే స్వరమే కదులుతోంది. ఒకవైపు నొక్కితే పైకి, ఇంకోవైపు నొక్కితే కిందికి. లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగానే ఉంది.

ఆమె గుడ్డ పక్కన పెట్టి కూర్చుంది.

మేనకోడలు మొదటిసారి పాడే కచేరీ వచ్చింది. తమ్ముడి కూతురు. అత్త దగ్గరే గొంతు దిద్దుకున్న పిల్ల. ఆ పొద్దున అత్త గిటార్ల ట్యూనర్లు పైకి నొక్కింది, మాండలిన్లవి కిందికి నొక్కింది. పిల్ల గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నొక్కింది.

హాలు నిండింది. ఆమె మొదటి వరసలో కూర్చుంది. ట్యూనర్లు వచ్చాక కలిపి వాయించి చూసుకునే అలవాటు పోయింది. ఎవరి మూల వాళ్లది, ఎవరి లైటు వాళ్లది.

"అందరికీ పచ్చ వచ్చిందా?" అని తెర వెనక తమ్ముడి గొంతు వినిపించింది.

"వచ్చింది!"

తెర లేచింది. మొదటి దెబ్బకే తోడికోడళ్లు జుట్లు పట్టుకున్నట్టు మోగింది. పిల్ల నోరు తెరిచి, ఎటు చేరాలో తెలియక మూసేసింది.

"నీది తేడా," అన్నాడు మాండలిన్ వాయించేవాడు.

"నాది పచ్చే, చూడు!" అన్నాడు గిటారు బాబాయి.

"నాదీ పచ్చేగా! కళ్లు కనబడవా?"

"కళ్లున్నాయి కాబట్టే చెప్తున్నా!"

జనం నవ్వారు. తమ్ముడు మెట్లు దిగి ఆమె దగ్గరకొచ్చి వంగాడు. చెమటలు కారుతున్నాయి.

"అక్కా, ఒక్కసారి సా ఇవ్వు."

"ఆఁ? గట్టిగా చెప్పరా, వినపడట్లేదు."

"అక్కా! సా ఇవ్వు!"

ఈసారి హాలంతా విన్నది.

"నాకు చెవుడొచ్చిందని నువ్వేగా చాటింపు వేశావు. చెవిటిదాన్ని శృతి అడుగుతావేంట్రా?"

"పరువు పోతోందే."

"నాది పోయినచోటే వెతుక్కో, దొరుకుతుంది."

ఆ మాట ఆమెకు తియ్యగా ఉంది. వాడు ఇంకాసేపు అలాగే వంగి ఉంటే బాగుండుననిపించింది. అంతలో వేదిక మీద పిల్ల కదిలింది. బాబాయి గిటారు మెడకున్న ట్యూనరు పీకి పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని సా పట్టుకుంది. "తాతా, నాకు కలపండి," అంది. తర్వాత మాండలిన్ దగ్గరకు వెళ్లింది. అందరూ కలిశాక తల ఊపింది. కచేరీ సాగింది.

ఇంటికి వచ్చేదారిలో పిల్ల వెనకబడి అత్త పక్కన నడిచింది.

"అత్తా, నువ్వే కదూ?"

"నేనే."

"నాన్నకి చెప్పన్లే."

"చెప్పు. వాడికి తెలియనప్పుడు నేను చేసి ఏం లాభం?"

పిల్ల చెప్పింది. తమ్ముడు గిన్నెలు విసరలేదు, అరవలేదు. ట్యూనర్లన్నీ సంచిలో కట్టి అటక మీద పడేశాడు. "రేపు సాధనకి రా అక్కా," అన్నాడు.

ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఫిడేలు తీసుకుని వెళ్లింది. విల్లు తీగ మీద పెట్టింది. ఎవరూ ఆమె వైపు తిరగలేదు. అందరూ పిల్ల వైపు తిరిగి కూర్చున్నారు. పిల్ల సా అందుకుంది. అక్క చెవి రిక్కించి తప్పు వెతికింది. వెంట్రుకవాసి కూడా దొరకలేదు.

"నువ్వు కూడా దానికే కలుపుకో అక్కా," అన్నాడు తమ్ముడు. మెత్తగానే అన్నాడు. మూతి మీద నవ్వు మాత్రం దాచలేదు.

ఆమె బిరడా పట్టుకుంది. పిల్ల స్వరం ఆపకుండా ఆమె వైపే చూస్తోంది.

"తిప్పవేం?" అన్నాడు.

"ఇంటిదగ్గరే కలిపి తెచ్చాన్రా," అని ఆమె అదే స్వరం మీద విల్లు లాగింది. పిల్ల తల ఊపేదాకా ఆగింది.