పడుకున్నా పలికే కార్డు

"అమ్మాయ్, టీ" అని అత్తగారి గదిలోంచి వినిపించేసరికి నా వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి, ధ్యాస కార్డు లోపల ఉంది. ఈ ఒక్క సంఖ్య రాసి, వైరు పీకి, మళ్ళీ పెట్టి, కార్డు మీది పచ్చ దీపం ఏం చేస్తుందో చూసి లేద్దామనుకున్నాను. చూసి, నోటుపుస్తకంలో రాసుకుని, తీరా వంటింట్లోకి వెళ్తే టీ గిన్నె కడిగి బోర్లించి ఉంది. అత్తగారు మంచమ్మీద కూర్చుని ఊదుకుంటూ తాగుతున్నారు. టీ ఎవరిచ్చారని అడిగితే, ఇప్పుడేగా ఇచ్చి వెళ్ళావు, ఆ డబ్బా ముందు కూర్చుని ఉన్న మతి కూడా పోగొట్టుకుంటున్నావని నవ్వారు.

డబ్బా అంటే నా కంప్యూటర్. దాన్ని నెట్‌వర్క్‌కి కలిపే కార్డు ఒకటి ఉంటుంది, ఆ కార్డుని నడిపించే ప్రోగ్రాం పేరు డ్రైవర్. కార్డు తయారుచేసిన కంపెనీ ఒక్క రకం కంప్యూటర్లకే డ్రైవర్ ఇచ్చి చేతులు దులుపుకుంది. అందరూ చదువుకుని దిద్దుకునేలా ప్రోగ్రాములు ఊరికే రాసిచ్చే నాలాంటివాళ్ళు అడిగితే ముప్పై పేజీలు పంపింది. సగం పేజీల్లో ఉన్నది ఒక్కటే మాట, ముట్టుకోవద్దని. కార్డు లోపల వందల చిన్న అరలుంటాయి, రిజిస్టర్లంటాం. ఏ అరలో ఏ సంఖ్య పెడితే ఏమవుతుందో ఒక్కొక్కటే పెట్టి చూసి రాసుకోవడం నా పని. మూడేళ్ళుగా చేస్తున్నాను. జీతం లేదు. మా ఆయన దాన్ని నా కాలక్షేపం అంటాడు, చుట్టాల ముందు 'ఏదో టైపు చేసుకుంటూ ఉంటుంది' అంటాడు. నిజానికి ఈ పద్ధతి నాకు పెళ్ళితోనే అలవాటైంది. ఈ ఇంటికి కూడా ఎవరూ కాగితాలివ్వలేదు. ఏ మాటకి ఎవరి మొహం మాడుతుందో, ఏ కూరలో ఉప్పు తగ్గితే ఎన్నాళ్ళు మాటలుండవో, ఒక్కొక్కటే చేసి, తిట్లు తిని తెలుసుకున్నాను.

ఆ వారంలోనే కార్డు నన్ను భయపెట్టింది. కంప్యూటర్ని నిద్రపుచ్చి, పక్కనున్న పాత కంప్యూటర్ నుంచి 'ఉన్నావా' అని అడిగాను. జవాబు రాకూడదు. 'ఉన్నాను' అని వచ్చింది. తెర నల్లగా ఉంది, ఫ్యాను తిరగడం లేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ ఉన్నానంది. రెండు రోజులు వెతికితే, ముట్టుకోవద్దన్న అరల్లో ఒక బిట్, అంటే ఒకటో సున్నానో మాత్రమే పట్టే గడి, దొరికింది. ఫ్యాక్టరీలోనే దాన్ని ఒకటి చేసి పంపుతున్నారు. అది ఒకటిగా ఉన్నంతకాలం, కంప్యూటర్ నిద్రపోతే దాని పేరుతో కార్డే జవాబు చెబుతుంది. కంప్యూటర్‌కి ఆ సంగతే తెలియదు. కంపెనీవాళ్ళ డ్రైవర్ ఏ అరలో ఏం రాస్తోందో చూసి, అర్థం కానివి ఉన్నవున్నట్టు దింపుకోవడం మాలో మామూలే. ఆ బిట్‌ని అలాగే ఉంచే లైను కూడా అలా నా చేతులతో నేనే దింపుకున్నాను. అదేమిటని కంపెనీ ఇంజనీరుకి రాస్తే రెండు ముక్కల జవాబొచ్చింది. దాన్ని అలాగే ఉంచండి, ఇప్పటివరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడుంబావుకి అత్తగారు పిలిచారు. ఈసారి కావాలనే కదలకుండా, పలక్కుండా కూర్చున్నాను. వంటింట్లోంచి "వస్తున్నానత్తయ్యా" అని వినిపించింది. అది నా గొంతు. విసుగు పైకి కనబడకుండా చివర్లో కాస్త సాగదీస్తానే, అది కూడా నాదే. పొయ్యి వెలిగిన చప్పుడు, గిన్నెలో చెంచా చప్పుడు. లేచి వెళ్తే అక్కడెవరూ లేరు. సింకు దగ్గర్నుంచి అత్తగారి గదిదాకా తడి అడుగులున్నాయి. ఒకదాని మీద నా పాదం పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు నుంచి, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. అన్నేళ్ళలో ఎన్నడూ లేనంతగా రోజుకి నాలుగు గంటలు దొరికాయి. టీలు, బట్టలు మడతపెట్టడాలు, 'నా కళ్ళజోడెక్కడ' అన్న కేకలకి జవాబులు అన్నీ నా గొంతుతో పలికే ఆవిడే చూసుకుంటోంది. ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగింది అందుకే. అన్నం తింటూ, తల ఎత్తకుండా మా ఆయన "ఈ మధ్య నువ్వు బాగుంటున్నావు. ఎదురు చెప్పట్లేదు" అన్నాడు. ఆ ముక్క విన్నప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. డ్రైవర్ పూర్తవుతోందన్న సంబరంలో ఉన్నాను.

తర్వాతి వారం ఆదివారం మా ఆయన నా బల్ల దగ్గరికొచ్చి సంగతి చల్లగా చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో ఇవే కార్డులు వాడుతున్నారట. డ్రైవర్ తనే రాశానని పైవాళ్ళకి చెప్పాడట. ఇక తన పేరుతో పంపేస్తాడట. కుర్చీ తిప్పి అతని మొహంలోకి చూశాను.

"నిన్న అడిగితే సరే అన్నావు కదా" అన్నాడు.

ఎప్పుడన్నానని అడిగాను.

"వంటింట్లో. గిన్నెలు తోముతూ. సరే, మీ ఇష్టం అన్నావు."

అతను అబద్ధం ఆడితే నాకు తెలిసిపోతుంది. ఆడటం లేదు. ఒళ్ళంతా మండిపోయింది. మూడేళ్ళు నేను పడ్డ పాట్లన్నీ, ప్రోగ్రాం కింద రాసినవాళ్ళ పేరుండే ఆ ఒక్క లైను కోసం. దాన్ని ఎవరో నా గొంతుతో, గిన్నెలు తోముతూ ఇచ్చేశారు. ఆ మధ్యాహ్నమంతా కార్డు వైపు చూస్తూ కూర్చున్నాను. కంప్యూటర్ మేలుకుని ఉంటే కార్డు నోరెత్తదు. అది పలికేది కంప్యూటర్ పలకనప్పుడే. ఆవిడ కూడా అంతే. నేను మాట్లాడని చోటల్లా ఆవిడ మాట్లాడింది. ఆవిడకి వచ్చిన మాట 'సరే' ఒక్కటే. అది ఆవిడకి నేర్పింది నేనే.

సోమవారం ఆ బిట్‌ని సున్నా చేశాను. కంప్యూటర్ని పడుకోబెట్టి ఉన్నావా అని అడిగితే ఏ జవాబూ రాలేదు. డ్రైవర్ కింద నా పూర్తి పేరు రాసి, నెట్‌వర్క్ ప్రోగ్రాములు చూసే బృందానికి పంపేశాను. మూడుంబావుకి అత్తగారు పిలిచారు. వంటింట్లో గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. ఆవిడ నోరు తెరిచేలోపే గట్టిగా "పనిలో ఉన్నానత్తయ్యా, ఇవాళ టీ మీరే పెట్టుకోండి" అన్నాను. గాజుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత అత్తగారి చెప్పులు మెల్లగా వంటింటి వైపు వెళ్ళడం విన్నాను.

సాయంత్రం మా ఆయన ఒక కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, పైన పెన్ను పెట్టాడు. ఆ ప్రోగ్రాంతో నాకు ఏ సంబంధమూ లేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు" అన్నాడు.

"పెట్టను. మధ్యాహ్నమే నా పేరుతో పంపేశాను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అసలు నా వైపే చూడలేదు. కుర్చీలో మెల్లగా వంటింటి వైపు తిరిగి, బాగా ఎరిగిన మనిషిని పిలిచినట్టు, నా పేరు పెట్టి పిలిచాడు.

ఎవరూ పలకలేదు. ఎదురుగా నేను కూర్చుని ఉండగానే, అటువైపే చూస్తూ మళ్ళీ పిలిచాడు.