ఇడ్లీ పిండికి సాఫ్ట్‌వేర్ సంబంధం

మూలకుళం కమలమ్మాళ్ విచారించి కుదిర్చిన సంబంధం ఇంతవరకు ఒక్కటి కూడా చెడిపోలేదు. సముద్రపు ఒడ్డు నుంచి ఏంబలం పొలాల దాకా ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. చెప్పకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఆమె పద్ధతి వేరు. పెళ్లికొడుకును చూడనే చూడదు. "ఎదురుగా కూర్చోబెట్టి చూస్తే ప్రతివోడూ రాముడే" అంటుంది. ఆ ఇంటి ఎదురు టీకొట్టు, మూలమీది ఇస్త్రీ బండి, ఇంటి ఓనరమ్మ వంటగది గుమ్మం, ఈ మూడు చోట్లే ఆమె కచేరీ.

అంతటి అక్క ఉండగా తనకేం భయమని తమ్ముడు త్యాగరాజన్ ధీమా. అతని భార్య ధనభాగ్యం ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఎండాకాలంలో ఆ పిండి పొంగి, మూత ఎత్తి, వీధిలోకి ఒకసారి తొంగిచూసి మళ్లీ సర్దుకుంటుందని ప్రతీతి. పిండి డబ్బాలు మోపెడ్ మీద పెట్టుకుని కదిర్కామం మెడికల్ కాలేజీ చుట్టుపక్కల హాస్టళ్లకు చేరవేయడం త్యాగరాజన్ పని. ఆర్డర్లన్నీ అతని ఫోనుకే వస్తాయి. బండి తోలుతూనే విని, బుర్రలో పెట్టుకుని, దారిలో సగం పారేసుకుంటాడు. మగపిల్లల హాస్టల్ పిండి ఆడపిల్లల హాస్టల్‌కు పోయి, వాళ్లు మూడు పూటలా ఇడ్లీలే తిన్న రోజులున్నాయి.

చివరికి హాస్టళ్ల మెస్ చూసుకునే మణిమారన్ ఖరాఖండిగా చెప్పేశాడు.

"అన్నా, ఆయుధపూజ దాకా చూస్తా. ఆలోపల ఫోన్లో నొక్కితే ఆర్డరు మీకు చేరేట్టు చేసుకోండి. లేదంటే వేరే పిండి చూసుకుంటా. ప్యాకెట్ పిండి కంపెనీ వాడు అప్పుడే వచ్చి పోయినాడు."

హాస్టళ్లు పోతే పిండి వ్యాపారమే పోయినట్టు. ధనభాగ్యం ఆ రాత్రి రుబ్బిన పిండిలో ఉప్పు వేయడం మరిచిపోయిందంటే చూడండి.

ఊళ్లో ఇలాంటి ఫోన్ యాప్‌లు చేసేవాళ్లు ఇద్దరున్నారని తెలిసింది. ఒకడు శిలంబరసన్, మెయిన్ రోడ్డులో అద్దాల ఆఫీసు. రెండోది అనుప్రియ, మూలకుళంలోనే సైకిల్ షాపు మేడ మీద ఒక గది.

"నేనే పోయి ఇద్దరితో మాట్లాడతా" అంది ధనభాగ్యం.

"నువ్వు పోయి ఏం మాట్లాడతావు ధనం? మనిషిని నమ్మొచ్చా లేదా తెలియాల. దానికి అక్క ఉండాది గదా!" అన్నాడు త్యాగరాజన్.

కమలమ్మాళ్ పట్టుచీర కట్టి బయలుదేరింది. అద్దాల ఆఫీసు ఎదుట టీకొట్టు తంగవేల్‌ది.

"ఏమప్పా, ఆ ఎదురు పిల్లోడు ఎట్టాంటోడు?"

తంగవేల్ పట్టుచీరను చూశాడు, వెనక నిలబడ్డ త్యాగరాజన్‌ను చూశాడు, గ్లాసు దించేశాడు. "బంగారమక్కా! తలొంచుకుని వస్తాడు, తలొంచుకుని పోతాడు."

"మాట మీద నిలబడతాడా?"

"మాట ఇయ్యక ముందే నిలబడేస్తాడు!"

ఇస్త్రీ బండి కనగం అతని చొక్కాలకు మడత కూడా పడదంది. త్యాగరాజన్‌కు కళ్లు చెమర్చాయి. ఇంత మంచి పిల్లవాడు తన పిండికి దొరకడం పూర్వజన్మ సుకృతం అనుకున్నాడు.

తరువాత సైకిల్ షాపు మేడ. కింద వాటాలో ఇంటి ఓనరమ్మ అముద.

"పైనున్న పిల్ల ఎట్టాంటిదమ్మా?" అంది కమలమ్మాళ్.

అముద మొహం చిట్లించింది. "ఆ పిల్లా? వద్దత్తా. నోరు శానా పెద్దది. ఏమడిగినా ముందు కాదంటాది. పెద్దోళ్లని చూడదు, చిన్నోళ్లని చూడదు. వేరే యాడన్నా చూసుకోండి."

ఇంకేముంది! అక్కాతమ్ముళ్లు తాంబూలం పళ్లెంలో అరటిపళ్లు, వక్కాకు, అడ్వాన్సు పెట్టుకుని అద్దాల ఆఫీసుకు వెళ్లారు. శిలంబరసన్ పళ్లెం చూసి కంగారు పడ్డాడు గానీ, అడ్వాన్సు కనిపించగానే రెండు చేతులా అందుకున్నాడు.

ఆ తరువాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకే మాట. "అయిపోయింది అంకుల్, రేపే!" ఆయుధపూజ వారంలోకి వచ్చేసరికి ధనభాగ్యం ఇక ఆగలేక తానే బయలుదేరింది. వెనకే మొగుడు, ఆడబిడ్డ. శిలంబరసన్ ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. పువ్వులాంటి ఇడ్లీ, పక్కన ఆకుపచ్చ బటను.

ధనభాగ్యం బటను నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది.

"అది పని చెయ్యదక్కా. రెండో ఫేజులో వస్తాది."

"మరి మొదటి ఫేజులో ఏమొచ్చింది నాయనా?"

"ఇడ్లీ."

కమలమ్మాళ్ విసురుగా రోడ్డు దాటి టీకొట్టు మీద పడింది. "ఏమప్పా, బంగారమంటివే! ఇదేనా నీ బంగారం?"

తంగవేల్ తెల్లబోయాడు. "యాపారానికా అడిగినారు? అయ్యో అక్కా! పట్టుచీరతో వస్తిరి, నేను పెళ్లి సంబంధమనుకుంటిని. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు గదా. నేను రెండే ఆడినా. నా కొట్టుకి బోర్డు చేసిస్తానని పోయిన పొంగలుకి చెప్పినాడు, ఇంకా తలొంచుకునే పోతా ఉండాడు."

ఇక్కడ నేను మొదట కొట్టిన గొప్ప ఒకటి వెనక్కి తీసుకోవాలి. కమలమ్మాళ్ కుదిర్చిన సంబంధం ఒక్కటీ చెడలేదన్నది నిజమే, ఎందుకంటే ఆమె కుదిర్చిందే ఒకటి. మిగతావాటికి ఆమె విచారణ పూర్తయ్యేలోపు పెళ్లికొడుకులకు వేరే చోట పిల్లలు కూడా పుట్టేశారు. ఆ ఒక్కటి త్యాగరాజన్, ధనభాగ్యాలది. అది చెడిందో లేదో ధనభాగ్యం ఇంకా తేల్చి చెప్పలేదు.

త్యాగరాజన్ రోడ్డు మీదే నిలబడిపోయాడు. "అక్కా, వీడు పెళ్లనుకుని పొగిడినాడు. మరి ఆ అముద పెళ్లనుకుని ఎందుకు తిట్టింది?"

"ఎందుకేంది?" అంది ధనభాగ్యం. "ఆమెకి పెళ్లి కావాల్సిన తమ్ముడు ఉండాడు. ఆ పిల్లని బయటి సంబంధానికి పోనిస్తాదా? ఆ సంగతి మూలకుళంలో మీ ఇద్దరికే తెలీదు. నడువు!"

ఈసారి టీకొట్టు లేదు, ఇస్త్రీ బండి లేదు. ధనభాగ్యం నేరుగా మేడ ఎక్కింది. అనుప్రియ అంతా విని, "కాదు ఆంటీ" అంది.

"చూసినావా!" అంది కమలమ్మాళ్.

"ఆయుధపూజకి యాప్ మొత్తం కాదు. ఏ హాస్టలు, ఏ పూటకి, ఎంత పిండి, ఈ మూడూ నొక్కితే మీ ఫోనుకి తమిళంలో వచ్చేట్టు మాత్రం చేస్తా. మిగతాది నిదానంగా. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటాది. రేపు నా పని నచ్చకపోతే ఇంకొకరి చేత చేయించుకోవచ్చు."

"చెడిపోతే?"

"ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతాది. చెడితే ఫోన్ చెయ్యండి, నేను వస్తా."

చెడిపోదని చెప్పకపోవడం త్యాగరాజన్‌కు అపశకునంగా తోచింది. ధనభాగ్యం మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది.

"మెచ్చుకునేవోళ్ల కథ చూసినాం తల్లీ. నీ దగ్గర పని చేయించుకుని నిన్ను తిట్టుకునేవోడి నంబరు ఒకటి ఇయ్యి."

అనుప్రియ నవ్వి, హార్డ్‌వేర్ కొట్టు బాలమురుగన్ నంబరు ఇచ్చింది. ధనభాగ్యం అక్కడే స్పీకరు పెట్టింది.

"ఆ పిల్లా?" ఫోన్లోంచి బాలమురుగన్ గర్జించాడు. "ప్రాణం తీస్తాదమ్మా! నా కొట్టు ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటానంటే ఒప్పుకోదు. పక్క కొట్టోడి లెక్క ఒకసారి చూపించమంటే మొహం మీదే కాదనింది. పోయిన దీపావళి పొద్దున బిల్లు మిషన్ నిలిచిపోతే, నేను తీరిగ్గా రమ్మంటే వినకుండా అప్పుడే వచ్చి కూర్చునింది. నా తలంటు నీళ్లు చల్లారిపోయినాయి!"

"చాలన్నా" అని ధనభాగ్యం ఫోన్ పెట్టేసింది. అనుప్రియ వైపు తిరిగింది. "ఎప్పుడు మొదలు పెడతావు?"

కమలమ్మాళ్ ఏదో అనబోయింది. "ఒదినా, ఇది నా పిండి" అంది ధనభాగ్యం. త్యాగరాజన్ మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. తన భార్య గొంతులో అంత ఉప్పుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఆయుధపూజ వచ్చింది. గ్రైండరుకు పసుపు, కుంకుమ, చామంతి దండ. పూజరోజు యంత్రాన్ని ముట్టరాదని అక్క ఆన. ధనభాగ్యం మాత్రం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బియ్యం, మినప్పప్పు నానబోసింది. ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. కమలమ్మాళ్, "అద్దాలోడే నయం, ఇడ్లీ బొమ్మన్నా చూపించినాడు" అని గొణుగుతుండగా ఫోను టింగుమంది. మణిమారన్. మగపిల్లల హాస్టలు, రేపు పొద్దుటికి, రెండు డబ్బాలు. వెనకే ఆడపిల్లల హాస్టలు. ఆ వెనకే ఒక మాట: "అక్కా, చక్కగా వచ్చింది. పిండి మీదే."

ఇప్పుడు రుబ్బితేనే రాత్రికి పులిసి పొద్దుటికి పొంగుతుంది. ధనభాగ్యం గ్రైండరు వైపు చూసింది, కమలమ్మాళ్ కళ్లు ఉరిమింది. సరిగ్గా ఆ క్షణాన గ్రైండరు, చామంతి దండతో సహా, తనంతట తానే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. దేవుడే రుబ్బమన్నాడని కమలమ్మాళ్ చెంపలేసుకుంది. ధనభాగ్యం కొంగు బిగించి పప్పు పోసింది.

ఈ కథలో నేను కల్పించింది ఆ ఒక్కటే. గ్రైండరు తనంతట తాను తిరగలేదు. అక్క దేవుడి పటం వైపు తిరిగినప్పుడు స్విచ్చి వేసింది త్యాగరాజన్. ముప్పై ఏళ్లలో అక్క మాట అతను దాటింది అదొక్కసారే. కమలమ్మాళ్‌కు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు కాబట్టి, మీకు ధైర్యంగా చెప్పేశాను.