గడప దాటిన సంచి

నేను ఒక సంచిని. లారీ మీద సరుకు తడవకుండా కప్పే టార్పాలిన్‌తో కుట్టిన సంచిని. నాకు చక్రాలు లేవు, అందమూ లేదు. రెండు పట్టీలున్నాయి, పళ్లూడిన జిప్పు ఒకటుంది. నా గురించి ఇంతకుమించి చెప్పుకోవడానికి లేదు. చెప్పదలుచుకున్నది నన్ను మోసిన మనిషి గురించి.

బెజవాడ ఆటోనగర్‌లో మస్తాన్ సాయిబు నన్ను కుట్టాడు. ఆయన పని లారీలకు కప్పే బరకాలు కుట్టడం. మిగిలిన ముక్కకు దబ్బనంతో, మైనం పట్టించిన దారంతో ఇన్ని కుట్లు వేసి, లారీ డ్రైవరు సాంబయ్య చేతిలో పెట్టాడు.

"సాంబయ్యా, ఈ సంచీ నీకంటే ఎక్కువ కాలం బతుకుద్ది" అన్నాడు.

అన్నట్టే అయింది. సాంబయ్య ఊళ్లవాళ్ల సరుకు భద్రంగా చేర్చేవాడు. జీతం మాత్రం ఇంటికి చేర్చేవాడు కాదు. తాగి పోయాడు. పోయినవాణ్ణి ఆ సాయంత్రానికే మంచివాణ్ణి చేసేయడం మనుషుల అలవాటు. సంచులకు ఆ అలవాటు లేదు.

భార్య అతనికంటే ముందే పోయింది. మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, నేను. పెద్దది తిరుపతమ్మ గుడివాడ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టి చెల్లెల్ని పెంచింది. చిన్నది హైమ బజారు నుంచి బియ్యపు రవ్వ, మినప్పప్పు నాలో వేసుకుని తెచ్చేది. అప్పుడు ఆ పిల్ల నాకంటే కాస్తే పొడుగు. రెండు చేతులతో ఎత్తి, మోకాలితో తోసుకుంటూ నడిచేది. దారినపోయేవాళ్లు సాయం పట్టబోతే "నా సంచీ. నేనే మోస్తా" అనేది. ఆ మాట ఆమె నోట ఆ తరవాత చాలాసార్లు విన్నాను.

చదువుకు అమెరికా బయలుదేరినప్పుడు కూడా నన్నే తీసుకెళ్లింది. విమానాశ్రయంలో తోటి పిల్లలు నవ్వారు.

"ఏంటే ఈ బరకం? విమానం ఎక్కుతున్నావా, లారీ ఎక్కుతున్నావా?"

"ఇది చిరగదు. మీ పెట్టెల సంగతి దిగాక చూద్దాం."

దిగాక చూస్తే ఒక పెట్టెకు చక్రం లేదు, ఇంకోదానికి పిడి లేదు. హైమ ఒక్క మాట అనలేదు. నాకు నోరుంటే అనేదాన్ని.

డాలస్‌లో చదువు ముగించి, మురహరి అనే అతన్ని పెళ్లి చేసుకుంది. అతను అప్పటికే ఆ దేశపు పౌరుడు. నెమ్మదస్తుడు. వంట చేస్తాడు, గిన్నెలు తోముతాడు. భయస్థుడు కూడా. భార్యకు గ్రీన్ కార్డు కోసం అర్జీ పెట్టాడు. అర్జీ తేలేలోగా దేశం దాటాలంటే ముందుగా ప్రయాణ అనుమతి కాగితం తీసుకోవాలి. హైమ విషయంలో అది లేకుండా కాలు బయటపెడితే అర్జీ వదులుకున్నట్టే లెక్కని వకీలు చెప్పాడు. ఆ కాగితానికీ అర్జీ పెట్టారు. నెలలు గడిచాయి. రాలేదు.

ఈలోగా గుడివాడలో తిరుపతమ్మ రెండు కిడ్నీలూ చెడిపోయాయి. హైమ పరీక్షలు చేయించుకుని ఫలితాలు పంపింది. ఆమె కిడ్నీ అక్కకు సరిపోతుందన్నారు. బెజవాడలో ఆపరేషనుకు రోజు పెట్టారు. తిరుపతమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"నీ ఒంట్లోది కోయించి నేను బతకాలంటే? రేపు పిల్లల్ని కనాల్సినదానివి. రామాక. వచ్చినా తలుపు తియ్యను" అని ఫోను పెట్టేసింది.

డాలస్‌లో హైమ ఇంటికి కింది అంతస్తులో భ్రమరాంబగారని ఒక పెద్దావిడ కూతురి దగ్గర ఉంటుంది. పంచాంగం లేనిదే పాలు కూడా పొయ్యి మీద పెట్టదు. ఆవిడే చెప్పింది.

"అమ్మాయ్, రేపటి నించి మూఢం. ఇక బయలుదేరడానికి మంచిరోజు లేదు. కాగితం ఎప్పుడొస్తే అప్పుడు రానీ. ఇవాళ పరస్థానం పెట్టేయ్."

పరస్థానం అంటే ఇది: ప్రయాణం తరవాత అయినా, మంచి ఘడియలో బట్టలో సంచో గడప దాటించి పక్కవాళ్లింట్లో పెడతారు. అక్కడితో మనిషి బయలుదేరినట్టే. ప్రయాణమయ్యేదాకా ఆ సామాను మళ్లీ ఇంట్లోకి రాకూడదు.

హైమ నాలో నాలుగు చీరలు, పసుపు బియ్యం మూట పెట్టి, మెట్లు దిగి, భ్రమరాంబగారి ముందు గదిలో చెప్పుల స్టాండు పక్కన ఉంచింది. అక్కడే నిలబడి అక్కకు ఫోను చేసింది.

"అక్కా, బయలుదేరాను."

"ఎప్పుడే?"

"ఇప్పుడే. పరస్థానం పెట్టాను. సంచీ గడప దాటింది."



"ఎంత పని చేశావే! బయల్దేరినదాన్ని ఎనక్కి పిలిచే పాపం నాకెందుకు కట్టబెడతా?"

"పిలవకు మరి."

"ఏడిశావులే. తీసుకురా నీ కిడ్నీని. అదీ నీలాగే నా మాట వినదేమో, చూద్దాం."

తిరుపతమ్మ ఒప్పుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను ఆ చెప్పుల పక్కన కూర్చుని ఆలోచించాను. ఆ దేశపు ఆఫీసు లెక్కలో మనిషి కదిలితే చాలు, అన్నీ వదులుకున్నట్టు. మన లెక్కలో మనిషి కదలకపోయినా సంచి కదిలితే చాలు, వెళ్లినట్టే. ఈ రెండు లెక్కల మధ్య హైమ నిలబడి ఉంది.

ఒక మధ్యాహ్నం హైమ ఉద్యోగానికి వెళ్లినప్పుడు మురహరి కిందికి వచ్చాడు. "హైమ తెమ్మంది" అని భ్రమరాంబగారితో అబద్ధమాడి, నన్ను ఎత్తుకుని పైకి తీసుకుపోయాడు. మంచం కింద తోశాడు. నా పట్టీ ఒకటి బయటికి కనిపిస్తూనే ఉంది. దాచడం కూడా సరిగ్గా రానివాడు.

హైమ వచ్చింది. పట్టీ చూసింది.

"ఇది లోపలికెందుకొచ్చింది?"

"కాగితం రాలేదు కదా. వచ్చాక మళ్లీ పెడదాం. పాపం, ఆవిడకి అడ్డంగా ఉందేమో అని..."

"అడ్డమని ఆవిడ అన్నారా?"

"అనలేదు."

"మీరు తెచ్చింది సంచీని కాదు. నన్ను."

మురహరి మంచం మీద కూలబడ్డాడు. "ఆ కాగితం లేకుండా వెళ్లిపోతావని భయమేసింది హైమా. మళ్లీ రానివ్వకపోతే? మొదటి నించీ మొదలుపెట్టాలి. ఏళ్లు పడుతుంది. నువ్వక్కడ, నేనిక్కడ."

"మీకు ఏళ్లున్నాయి. మా అక్కకి లేవు. నేను బయల్దేరానని నమ్మి ఒప్పుకుంది. ఇప్పుడు ఫోన్ చేసి ఏం చెప్పను? వెనక్కొచ్చానని చెప్పనా?"

ఆమె వంగి నన్ను మంచం కింద నుంచి లాగింది. అతను పట్టుకోబోయాడు.

"నా సంచీ. నేనే మోస్తా."

దిగి వెళ్లి భ్రమరాంబగారి తలుపు కొట్టింది.

"పిన్నిగారూ, ఇదొక్కటే అయితే మీ దగ్గర నిలిచేట్టు లేదు. నేను కూడా ఇక్కడే ఉంటాను."

ఆవిడ ముక్కున వేలేసుకుంది. "పరస్థానానికి చీర పెట్టడం చూశాను, చెంబు పెట్టడం చూశాను. మనిషిని పెట్టడం ఇదే చూడ్డం! రా, చారు కాచాను."

హైమ అక్కడి నుంచే ఉద్యోగానికి వెళ్లింది, రాత్రికి అక్కడికే వచ్చింది. సొంత ఇల్లు పైనే ఉంది. గడప తొక్కలేదు. ఆ మొండితనం ఇడ్లీ బండి దగ్గర నేర్చుకున్నది. వాన కురిసినా అక్క ఏ రోజూ బండి మూయలేదు.

మురహరి రోజూ టమాటా పప్పు డబ్బా తెచ్చి తలుపు దగ్గర పెట్టి పోయేవాడు. ఒక ఆదివారం డబ్బా పెట్టి, పోకుండా నిలబడ్డాడు.

"ప్రాణం మీదికొస్తే ఆ కాగితం ఆఫీసుకెళ్లి ఎదురుగా అడగొచ్చట. నాకు ముందే తెలుసు. చెప్పలేదు. ఎల్లుండికి సమయం తీసుకున్నాను. ఆసుపత్రి ఉత్తరం నేనే తెప్పించాను."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా ఎయిర్‌పోర్టులో నేనే దింపుతాను."

ఆ మాటతో అతన్ని సగం క్షమించాను. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇచ్చారు. ఆమె ఫోటో ఉన్న ఒక్క కాగితం. అది ఉన్నంత మాత్రాన తిరిగి రానిస్తారన్న హామీ లేదని, ఆ సంగతి తిరిగొచ్చి విమానం దిగినచోట అధికారి తేలుస్తాడని వకీలు హెచ్చరించాడు. హైమ వింటూనే నా జిప్పు లాగింది.

బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషను నేను చూడలేదు, తిరుపతమ్మ గదిలో మంచం కింద ఉన్నాను. కళ్లు తెరిచాక తిరుపతమ్మ అడిగిన మొదటి మాట విన్నాను. "అది తిందా?" పక్క గదిలో హైమ నర్సును అడిగిందీ అదేనట. ఇన్నేళ్లలో చాలామంది ప్రేమల గురించి మాట్లాడగా విన్నాను. ఇంత తక్కువ మాటల్లో వినలేదు.

కొన్నాళ్ల దాకా బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. నెల దాటాక తిరుగు ప్రయాణం. తిరుపతమ్మ నా నిండా కందిపొడి, కారప్పొడి కుక్కింది. గన్నవరంలో పోర్టరు నన్ను ఎత్తాడు. హైమ చేతులు కట్టుకుని నిలబడింది. నన్ను వేరేవాళ్లు ఎత్తుతుంటే ఆమె ఊరుకోవడం అదే మొదలు.

డాలస్ విమానాశ్రయంలో అందరినీ పంపేసి, ఆమెను లోపలి గదిలోకి పిలిచారు. ఒక సిబ్బంది మనిషి నన్ను బండి మీద తెచ్చి ఆమె పక్కన దించాడు. కాగితం బల్ల మీద ఉంది. బల్లకు అవతల ఎత్తైన మనిషి, నవ్వని ముఖం.

"సంచి బల్ల మీద పెట్టండి" అన్నాడు ఇంగ్లీషులో.

"ఎత్తలేను."

"ఎందుకు?"

"మా అక్కకి కిడ్నీ ఇచ్చి వస్తున్నాను."

గొంతులో బతిమాలడం లేదు. బజారు నుంచి పప్పు తెచ్చానన్నట్టు చెప్పింది. అతను కాగితం చూశాడు, ఆసుపత్రి ఉత్తరం చూశాడు, ఆమెను చూశాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నన్ను తనే ఎత్తి పైన పెట్టాడు. జిప్పు తీసి కారప్పొడి వాసన చూసి తుమ్మాడు.

"అక్క ఎలా ఉంది?"

"ఇడ్లీ బండి ఎప్పుడు తెరవనిస్తారని గొడవ చేస్తోంది."

ముద్ర వేశాడు. నన్ను మళ్లీ ఎత్తి, తలుపు దాకా మోసుకొచ్చి, బయట ఎదురుచూస్తున్న మురహరి చేతికి ఇచ్చాడు.

గ్రీన్ కార్డు తరవాత వచ్చింది. అప్పటి నుంచి ఆ అపార్టుమెంట్లలో నాకు మర్యాద పెరిగింది. ఎవరి అర్జీ పెండింగులో ఉన్నా, ఎవరికి ప్రయాణం పడ్డా, పరస్థానానికి నన్నే అడుగుతారు. కలిసొచ్చే సంచట. కళ్లెదుట మనిషి ఉండగా గుడ్డముక్కకు దండం పెట్టడం వీళ్లకు తేలిక. అందుకే ఏడాదిలో సగం రోజులు చెప్పుల పక్కనే, ఎక్కడికీ వెళ్లకుండానే బయలుదేరి కూర్చుంటున్నాను.

మొన్న మూడో అంతస్తు అబ్బాయి వచ్చాడు. "వదినా, అమ్మకి బాలేదు, ఇంకా కాగితం రాలేదు. ఆ సంచీ..." మురహరి నన్ను అందుకోబోయాడు. ఆపరేషను గాయం ఎప్పుడో మానింది. హైమ అతన్ని పక్కకు జరిపి, ఒక్క చేత్తో నన్ను ఎత్తుకుని భ్రమరాంబగారింటికి మెట్లు దిగింది.