ఎడమకాలి గోల్

మ్యాచ్ అయ్యాక ఆరో నంబరు ట్రామ్ ఎక్కడమంత దరిద్రం ఇంకోటి లేదు. బీరు వాసన, చెమట వాసన, మన కాలి మీద ఎవడిదో బూటు, మన మెడకి ఎవడిదో మఫ్లర్. అందుకే సెవెరిన్ ఏ మ్యాచ్‌కెళ్లినా ఎనభయ్యో నిమిషానికి లేచి వచ్చేసేవాడు. భూముల ఆఫీసులో గుమాస్తా. ఖాళీ ట్రామ్‌లో కిటికీ పక్కన, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తనంత తెలివైనవాడు సైలీషియా మొత్తమ్మీద లేడనుకునేవాడు.

ఎనభై ఏడు జూన్‌లో, లీగ్ ఆఖరి రోజునా అదే చేశాడు. ఆ రోజు గెలిస్తేనే మా ఫుట్‌బాల్ జట్టు ఒడ్లెవ్నిక్ ఫస్ట్ డివిజన్లో ఉంటుంది, లేకపోతే కిందికి పోతుంది. టికెట్ మామగారు ఎర్విన్‌ది. ఆయనకి ఆ రోజు ఫౌండ్రీలో డ్యూటీ పడింది. కొలిమి వదిలి రావడానికి లేదు. "నా బదులు నువ్వు చూడరా అల్లుడూ, ఒక్క ముక్క వదలకుండా చూడు" అని టికెట్ చేతిలో పెట్టాడు.

ట్రామ్ కదిలిందో లేదో, వెనక స్టేడియం ఒక్కసారి గాండ్రించింది. ఎనభై తొమ్మిదో నిమిషం గోల్. డ్రైవరు గంట మోగించాడు. సెవెరిన్ కూచునే ఉన్నాడు. మంచి సీటు దొరికింది మరి.

తెల్లారి ఎర్విన్ మొహం కూడా కడుక్కోకుండా వచ్చి కూచున్నాడు. పేపర్లో గోల్ కొట్టింది బ్రుస్ అని పేరు, నిమిషం, అంతే.

"బ్రుస్ ఎలా కొట్టాడ్రా?"

సెవెరిన్‌కి తప్పించుకునే దారి లేదు.

"ఎడమకాలితో మామయ్యా. ఇలా తిరిగి... ఒక్కటిచ్చాడు."

మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పట్నుంచీ ఆయన పుట్టినరోజుకి గసగసాల కొలాచ్ కేకు కొయ్యాలంటే ముందు అల్లుడు గోల్ చెప్పాలి. మూడో ఏడు కథలో బ్రుస్ మేజోడుకి బురదొచ్చింది. పదో ఏడు పక్కనున్నాయన సెవెరిన్‌ని వాటేసుకుని ఏడ్చాడు. ఆ పక్కనున్నాయనంటే నాకూ ఇష్టమే.

ఒక్క గింటర్‌కే ఈ కథ పడలేదు. ఫౌండ్రీలో ఎర్విన్ జతగాడు, కింది అంతస్తులోనే ఇల్లు. ఆ రోజు సెలవు పెట్టి మరీ గోల్ వెనకాలే నిలబడ్డాడు.

"తలతోరా! నా కళ్లతో చూశా."

"అంటే నా అల్లుడు అబద్ధాలకోరా?"

"నీ అల్లుడు కళ్లద్దాలు మార్చుకోవాలేమో."

అంతే. ముప్ఫై ఏళ్ల పైన మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గోడకేసి చూస్తారు. గింటర్ పెళ్లాం పోయినప్పుడు ఎర్విన్ చర్చి గేటు దగ్గరే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చాడు. ఆ రోజు సెవెరిన్ అన్నం ముట్టలేదు. సాయంత్రానికి ముట్టాడు.

పోయిన వారం ఎవరో కెమెరామన్ ఇంటి నేలమాళిగలో ఆ మ్యాచ్ టేపు దొరికింది. క్లబ్బువాళ్లు నెట్‌లో పెట్టారు. బ్రిగిడా, అంటే సెవెరిన్ భార్య, నాన్న ముచ్చటపడతాడని ఆదివారం టీవీలో వేసింది. కార్నర్ లేచింది. బ్రుస్ ఎగిరాడు. తల. పొద్దుటి వెలుగంత స్పష్టంగా తల.

ముసలాయన మూడుసార్లు వేయించుకుని చూశాడు.

"టేపు తప్పు," అన్నాడు.

"నాన్నా, తల కనిపిస్తోంది కదా!"

"ఈ రోజుల్లో టేపుల్లో ఏమైనా చేస్తారే. నా అల్లుడు అక్కడున్నాడు. కదరా?"

"ఉన్నా మామయ్యా," అన్నాడు సెవెరిన్. ఎనభై నిమిషాలపాటు ఉన్నమాట నిజమే కదా అని తనకి తాను సర్దిచెప్పుకోబోయాడు. కుదరలేదు. చెవులు కాలిపోయాయి.

శనివారం ఆయనకి ఎనభై ఐదు. ఈసారి గోల్ బాల్కనీ తలుపు తెరిచి, గట్టిగా చెప్పాలట. కింద గింటర్‌కి వినపడాలట. "ఆ ముసలాడు పోయేలోపు ఒప్పుకోవాలి," అంటున్నాడు.

"తలతో" అని ఒక్కమాట అంటే చాలు, గింటర్ పైకొస్తాడు. కానీ వెంటనే "మరి ఎడమకాలని ఎందుకు చెప్పావురా" అని అడుగుతాడు మామగారు, అప్పుడు ట్రామ్ సంగతి, కిటికీ సీటు సంగతి చెప్పాలి. ఆయన తను వెళ్లలేక అల్లుడికిచ్చిన టికెట్‌తో చేసిన పని అదీ అని.

బాబ్బాబు, మీరైతే ఏం చేస్తారో చెప్పండి. శనివారం పుట్టినరోజు కాఫీ నాలుగింటికి. మధ్యలో లేచి వచ్చేద్దామన్నా కుదరదు, ఆరో నంబరు లైను పీకేసి చాలా ఏళ్లయింది.