పిలిచే బాకు

ఆట కోసం నేను ఊహించే ఆయుధాలు ఈమధ్య నా మాట పూర్తికాగానే బల్ల మీదికి వచ్చేస్తున్నాయి. అందుకని బల్ల మీద గుడ్డ తీసేశాం. పోయినసారి వచ్చిన గొడ్డలి దాన్ని చింపేసింది.

మాది పాచికలతో, మాటలతో ఆడే ఆట. ఒకరు విలుకాడవుతారు, ఒకరు మంత్రగత్తె అవుతారు, అలా కథలో నడుస్తారు. నడిపించేది నేను. ఎవరికి ఏ మంత్రాయుధం కావాలన్నా నేనే తయారుచేయాలి, అది మిగతావాళ్ల ఆయుధాల్ని మింగేయకుండా చూడాలి. ఈ ఆదివారం మధ్యాహ్నం మా మేడ మీది గదిలో ఇద్దరే ఉన్నారు, విలుకాడు కమలాకర్, మంత్రగత్తె హైమ. హైమ అన్న పైడిరాజు కూడా మాతో ఆడేవాడు. పోయిన వేసవిలో భీమిలి దగ్గర సముద్రంలో మునిగి చనిపోయాడు. అతని కుర్చీ ఇంకా తీయలేదు.

తన వంతు రాగానే హైమ బాకు అడుగుతుంది.

"దెబ్బ కొట్టేది వద్దక్కా. పోయినవాళ్లని పిలిచేది కావాలి."

సరేనంటాను. సన్నటి బాకు బల్ల మీద పడుతుంది. వెంటనే గది నేల హైమ వైపు ఒరుగుతుంది. పాచికలు, టీ గ్లాసులు, కమలాకర్, అన్నీ అటు జారతాయి. కమలాకర్ కిటికీ ఊచ పట్టుకుని, ఒక్క బాకుకే ఇంత శక్తి ఉంటే తన విల్లెందుకు, అసలు తానెందుకు అని అడుగుతాడు. అతనన్నది న్యాయమే. శక్తికి తగ్గ నష్టం కూడా పెట్టాలి.

బాకు వాడితే మంత్రగత్తెకి ఒక కన్ను పోతుందంటాను. హైమ ఎడమ కన్ను మూసుకుపోతుంది. నేల కాస్త సర్దుకుంటుంది. ఆమె రెప్పను తడిమి చూసుకుని, ఇంకా చెప్పమంటుంది. జుట్టు నెరుస్తుందంటాను. నెరుస్తుంది. పుట్టిన ఊరు మరిచిపోతుందంటాను. మీది ఏ ఊరని కమలాకర్ అడిగితే, ఆమె మర్యాదగా నవ్వి ఊరుకుంటుంది. నేల ఇంకా వాలుగానే ఉంది. నాకు భయం వేస్తోంది. సగంలో వదిలేస్తే గది బోర్లా పడుతుంది.

ఇక మిగిలింది ఒక్కటే. అది చెప్పడానికి నాకు నోరు రాదు. కమలాకరే మెల్లగా చెబుతాడు.

"వచ్చినవాడు పిలిచినవాళ్లని గుర్తుపట్టడు."

నేల చదునవుతుంది.

వద్దని హైమ చేయి పట్టుకుంటాను. "ఒక్కసారి చూస్తే చాలక్కా" అని ఆమె పాచిక వేస్తుంది.

పైడిరాజు మెట్లెక్కి వస్తాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. తన కుర్చీలోనే కూర్చుంటాడు. హైమ తువ్వాలు అందిస్తే, చాలా థాంక్సండీ అంటాడు. ఆమె అన్నయ్యా అని పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. కమలాకర్ మొహం చేతుల్లో దాచుకుంటాడు.

కాసేపటికి తనకీ ఒక ఆయుధం ఇవ్వమంటాడు పైడిరాజు. ఎలాంటిదని అడుగుతాను.

"నాకో చెల్లెలుండేదండీ. ఎక్కడుందో తెలీదు. వెతికిపెట్టేది కావాలి."

ఆమె పేరేమిటని అడుగుతాను. చెప్పడానికి నోరు తెరుస్తాడు. నాలుక ఉండాల్సిన చోట ఇసుక ఉంది, దాని వెనక అలలు. ఇసుకలో గౌను వేసుకున్న పాప అటు తిరిగి కూర్చుని ఉంది. హైమ వంగి, తన పేరుతోనే ఆ పాపని పిలుస్తుంది. పాప ఇటు తిరగదు.

హైమ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, అతని కింది పెదవి మీద కాలు పెట్టి, లోపలికి దిగుతుంది.

పైడిరాజు నోరు మూసుకుంటాడు. తర్వాత వంతు ఎవరిదని అడుగుతాడు. అతని చెంప మీద, లోపలి నుంచి, ఒక అరచేయి ఉబ్బి కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకో అరచేయి, చాలా చిన్నది.