ఇంటికంతా ఒకటే ఫోన్

నాచారంలో ఒక కంటి దవాఖానా. కీసర, కాప్రా దిక్కు క్యాంపుల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఫోన్ చేసి, మళ్లీ పరీక్షకు రమ్మని పిలవడం అక్కడ నిస్సీ పని. ఒక్కో క్యాంపు నుంచి పేర్లు ఒక్కో తీరుగా వచ్చేవి. వాటిని ఒకచోట చేర్చేసరికే పొద్దంతా గడిచిపోయేది.

కంప్యూటర్ల పని చూసే ఉమామహేశ్వర్ గారు ఒకరోజు కొత్త సాఫ్ట్‌వేర్ చూపించారు.

"కోడ్ రాయక్కర్లేదమ్మా. ఈ డబ్బాల్ని మౌస్‌తో లాగి ఇక్కడ పెట్టు, గీతతో కలుపు. అంతే."

ఒక డబ్బా క్యాంపుల పేర్లు తెస్తుంది. ఇంకోటి అన్నిటినీ కలుపుతుంది. మరోటి రెండుసార్లు పడ్డ మనుషుల్ని ఒక్కసారికి తగ్గిస్తుంది. చివరిదాంట్లోంచి ఫోన్ చేయాల్సినవాళ్ల పేర్లు వస్తాయి. నిస్సీ ఒక్కో డబ్బా లాగి గీతలతో కలిపింది. మధ్యాహ్నానికల్లా పేర్లు డబ్బాలోంచి డబ్బాలోకి పోతుంటే అన్నం సంగతే మరిచి చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్లి చెప్తే భర్త ఎబినేజర్ నవ్వాడు. "ఇంజినీరువైనవ్ పో!"

కొన్ని వారాలకు కీసర నుంచి రాజవ్వ పరీక్షకు వచ్చింది. తోడు వచ్చిన భర్త సాంబయ్య పక్కన కూర్చుని కండువా కొసతో కన్ను ఒత్తుకుంటున్నాడు. కన్ను ఎర్రగా ఉంది.

"పెద్దయ్యా, నీ కంటికేమైంది?" అడిగింది నిస్సీ.

"నాకు గూడ గదే దినం ఆపరేషన్ జేసిన్రు బిడ్డా. ఫోన్ మటుకు ఆమెకే అచ్చింది. నాది మంచిగైందేమో, అందుకే పిలుస్తలేరనుకున్న. సుక్కల మందు గూడ బంద్ వెట్టిన."

"నేను జెప్తనే ఉన్న. ఇంటడా?" అంది రాజవ్వ.

నిస్సీ సాంబయ్యను వెంటనే డాక్టరు దగ్గరికి పంపి, కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి డబ్బాలో ఆయన పేరుంది. కలిపిన తర్వాత కూడా ఉంది. రెండుసార్లు పడ్డవాళ్లను తగ్గించే డబ్బా దాటాక లేదు. ఫోన్ నంబర్ ఒకటే అయితే మనిషీ ఒకరేనని ఆ డబ్బాకు చెప్పింది తనే. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇచ్చింది ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నంబరే.

ఉమామహేశ్వర్ గారు వచ్చి చూసి తల పట్టుకున్నారు. "నాకూ తట్టలేదమ్మా. మా ఇంట్లో మనిషికో ఫోను."

నిస్సీ ఆ డబ్బా తెరిచి, నంబర్‌తో పాటు పేరు, వయసు కూడా కలిస్తేనే ఒకే మనిషి అనుకోమని మార్చింది. మళ్లీ నడిపితే తప్పిపోయినవాళ్లంతా బయటికొచ్చారు. అత్తాకోడళ్లు, అన్నదమ్ములు. ఒక ఊళ్లోనైతే సగంమంది కిరాణా కొట్టు నంబరే ఇచ్చారు.

ఇంతలో సాంబయ్య బయటికొచ్చాడు. జర వాపుంది, చూపుకేం భయం లేదు, చుక్కలు మాత్రం ఆపొద్దన్నాడట డాక్టరు. నిస్సీ వెంటనే కిరాణా కొట్టుకు ఫోన్ కలిపింది.

"గింతమందినా మేడం?" అన్నాడు కొట్టు జగన్మోహన్. "మా ట్రాలీ ఆటోల తోల్కొస్త. ఫికర్ జెయ్యకు."

చెప్పినట్టే మంగళవారం పొద్దున ట్రాలీ వచ్చి గేటు ముందు ఆగింది. నల్లద్దాలు పెట్టుకున్న ముసలోళ్లు ఒకర్నొకరు పట్టుకుని దిగుతూ, ముందు నన్ను చూడాలంటే నన్ను చూడాలని లొల్లి మొదలుపెట్టారు. నిస్సీ నవ్వుతూ ఎదురెళ్లి, అందరికంటే పెద్దామెకు చెయ్యి అందించింది.