వంటగదిలో పరీక్ష పెట్టండి

ఆయా సంతకం పెట్టలేదు.

ప్రిన్సిపాల్ మేడం బల్ల మీద కాగితం ఉంది, దాని మీద పెన్ను ఉంది. కాగితంలో రెండే ముక్కలు: పాప స్పానిష్ గదికి పనికిరాదు, ఆ సంగతి తల్లికి చెప్పాం. ఆయా తడి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

అది పసిపిల్లల బడి. కింద మూడు గదులు, పైన ఒకటి. పేరంతా ఆ పై గదిదే. దాని గడప దాటితే సాయంత్రం దాకా స్పానిష్ తప్ప ఇంకో మాట వినబడదు. పసివాళ్లకు భాష పాఠంలా చెప్పకూడదు, భాషలో ముంచి ఉంచాలి, అయిదేళ్లలోపు అయితే చెవీ నాలుకా మైనంలా వంగుతాయి అని గేటు పక్కన పెద్ద బోర్డు. ఆ బోర్డును రోజూ తడిగుడ్డతో తుడిచేది ఆయానే. తుడిచీ తుడిచీ అందులో ప్రతి అక్షరం నమ్మింది. అది ఆమె తప్పా?

బడిలో పనిచేసేవాళ్ల పిల్లలకు ఏ గదిలోనైనా ఉచితంగా చోటిస్తారు, పరీక్ష నెగ్గితే. అది వాళ్లు రాసుకున్న రూలే. నిన్న ఆయా కూతురికి ఆ పరీక్ష పెట్టారు. నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు, నిద్రలో కూడా నోరు మూయదు గనక. స్పానిష్ టీచరు బొమ్మల అట్టలు చూపించి స్పానిష్‌లో అడిగింది. చెంచా, కేరెట్టు, కుక్క. వసపిట్ట ఇరవై నిమిషాలు పెదవి విప్పలేదు. ఆ ఇరవై నిమిషాలూ ఆయా తలుపు బయట చీపురు పట్టుకుని నిలబడింది. లోపలికి రానివ్వలేదు.

"నీ మంచికే చెప్తున్నా" అంది ప్రిన్సిపాల్. "ముందు తెలుగు తిన్నగా రానీ. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు. ఇంకో భాష నెత్తిన పెడితే పిల్ల తికమకపడుతుంది."

"మేడం, రెండు భాషలొస్తే పైగది పిల్లలకి తెలివి. నా పిల్లకయితే తికమకా?"

ప్రిన్సిపాల్ గడియారం చూసింది. రేపటికల్లా సంతకం పెట్టి తెమ్మంది. ఆయా కాగితం మడిచి యూనిఫాం కోటు జేబులో పెట్టుకుని బకెట్టు ఎత్తుకుంది.

నిజానికి ఆ పిల్లకు స్పానిష్ వచ్చు. ఎక్కడిదంటే, ఆ బడి వంటగదిదే. వంటామె ఎక్కడో స్పానిష్ మాట్లాడే దేశం నుంచి పనికోసం వచ్చిన మనిషి. ఏడేళ్లయినా తెలుగు పది మాటలు దాటలేదు. ఆమె స్పానిష్‌లోనే పొయ్యిని తిడుతుంది, ఉల్లిపాయతో గొడవపడుతుంది, పాలగిన్నెను బతిమాలుతుంది. ఆయా పనిలో చేరినప్పుడు పిల్లకు ఏడాదిన్నర. ఎక్కడ వదలాలో తెలియక వంటగది మూల దుప్పటి వేసి కూర్చోబెట్టింది. వంటామె ఉల్లిపాయతో మాట్లాడినట్టే పిల్లతోనూ మాట్లాడింది. అంతే. అట్టలు లేవు, పాఠాలు లేవు. వేడి అంటే వేలు కాలింది. ఆగు అంటే ఆగింది. చెంచా తే అంటే, మొదట గరిటె తెచ్చింది, తర్వాత చెంచా తెచ్చింది.

ఏడాది గడిచినా పిల్ల ఏ భాషా సరిగ్గా మాట్లాడలేదు. ఇంట్లో పెద్ద రభస అయింది. అత్తగారు నాలుక మొద్దుబారిందంది. మొగుడు దర్జీ, పొద్దస్తమానం కుట్టుమిషన్ మీద వంగి ఉండేవాడు, అతనూ తల ఎత్తి, ఆ వంటగది మాన్పించమన్నాడు. ఆయా వినలేదు. వింటున్న పిల్ల ఊరికే కూర్చోలేదు, లోపల సర్దుకుంటోంది అంది. ఎవరు చెప్పారో ఆమెకే తెలియదు. బోర్డే చెప్పిందనుకోవాలి. రెండున్నరేళ్లకు కట్ట తెగినట్టు రెండు భాషలూ ఒక్కసారి వచ్చాయి. మూడేళ్లకు పాలవ్యాను అతనికీ వంటామెకీ మధ్య నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేది. ఎదుటి ముఖం చూసి భాష మార్చేది. వంటామెను అత్త అని పిలిచేది. పాలు విరిగాయని వంటామె తిట్టిన తిట్టు మాత్రం మింగేసి, "అత్తకి కోపమొచ్చింది" అని ఊరుకునేది. తికమకపడే పిల్ల చేసే పనేనా అది?

అలాంటిది పరీక్షలో నోరెందుకు మూసింది? ఆ సాయంత్రం ఇంట్లో తల దువ్వుతూ అడిగింది ఆయా.

"ఆ టీచర్‌కి తెలుగొచ్చుగా" అంది వసపిట్ట, అది కూడా తెలీదా అన్నట్టు.

"వస్తే?"

"రోజూ నిన్ను తెలుగులోనే తిడుతుందిగా, నేల తడిగా ఉందని. మరి నాతో అత్త మాటలెందుకు మాట్లాడుతోంది? ఆటలాడుతోందేమో అనుకున్నా."

ఆయా దువ్వెన ఆపేసింది. దర్జీ మిషన్ ఆపేశాడు. పిల్ల లెక్కలో భాష మనిషిది. ఈ మనిషికి ఈ భాష, ఆ మనిషికి ఆ భాష. టీచరు పై గదిలో ఎంత నియమంగా స్పానిష్ మాట్లాడినా, మెట్ల దగ్గర అరిచేది తెలుగులో. పై గది పిల్లలు మెట్ల దగ్గర ఉండరు, వాళ్లకు తెలియదు. పనిమనిషి పిల్లకు తెలుసు.

దర్జీ మెల్లగా అన్నాడు, ఉద్యోగం పోతుందేమో చూసుకో అని. పోతే పోనీ అనలేదు ఆయా. పోనివ్వను అంది.

మర్నాడు తల్లిదండ్రులు పిల్లల్ని దింపే వేళకు, మెట్ల మొదట్లో బకెట్టు అడ్డం పెట్టి నిలబడింది. ప్రిన్సిపాల్ వచ్చి, కాగితమేది అంది.

"నేను పెట్టను. పరీక్ష మళ్లీ పెట్టండి. వంటగదిలో."

"వంటగదిలో పరీక్షేంటి? నీకు మతిపోయిందా?"

"చేపకి ఈత వచ్చో రాదో చెట్టెక్కించి చూశారు మీరు. నీళ్లలో చూడండి."

"ముందు బకెట్టు తియ్యి. లేకపోతే ఉద్యోగం ఉండదు."

"ఆ మాట కాగితం మీద రాయండి. వీళ్లందరి ముందూ చదువుతాను."

తల్లిదండ్రులు మెట్ల దగ్గర గుమిగూడారు. ఒకాయన, పరీక్ష పెడితే పోయేదేముంది అన్నాడు. ప్రిన్సిపాల్‌కు రచ్చంటే భయం. స్పానిష్ టీచరును పిలిచి, పదండి అంది.

వంటగదిలో వసపిట్ట బోర్లించిన డబ్బా మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వంటామె సూపు కలుపుతూ ఏదో పెద్ద కథ చెబుతోంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయా గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి, అందర్నీ అక్కడే ఆపింది. లోపల పిల్ల మాట మీద మాట తగిలిస్తోంది, ఎదురడుగుతోంది, వంటామెను మధ్యలో ఆపి అలా కాదు ఇలా అని దిద్దుతోంది. వంటామె నవ్వి గరిటెతో బెదిరించింది. పిల్ల ఇంకో మాట అంటించింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

స్పానిష్ టీచరు ముందుకు వంగి వింటోంది. నాలుగో మాటకే దారి తప్పింది. ఉండబట్టలేక పిల్లను తెలుగులో అడిగింది, ఏమంటున్నారు మీరిద్దరూ అని.

"వాళ్ల మేక పెళ్లికెళ్లి పెళ్లికూతురి టోపీ తినేసిందట" అంది పిల్ల. "టోపీ కాదు పూలు అని మొన్న చెప్పింది. మార్చేస్తోంది."

టీచరు మొహం ఎర్రబడింది. కానీ అబద్ధం ఆడలేదు, అది ఆమె గొప్పే. ప్రిన్సిపాల్ వైపు తిరిగి, తాను ఇరవై దాటాక పుస్తకాల్లో నేర్చుకున్నాననీ, పదేళ్లు పట్టిందనీ, ఆ పలుకుబడి తన నోట ఇప్పటికీ రాదనీ చెప్పింది. "మేడం, పై గదిలో ఏ పిల్లా ఇలా మాట్లాడదు" అంది.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుంది. సరే, ఒక నెల చూద్దాం, ఆ తర్వాత ఉంచాలో వద్దో చెబుతానంది.

"మిగతా పిల్లల్ని కూడా నెల చూసే చేర్చుకున్నారా?" అంది ఆయా.

గుమ్మంలో ఉన్న తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ వైపు తిరిగారు.

"అయితే నా పిల్లకీ ఆ నెల వద్దు."

ఆయా జేబులోంచి కాగితం తీసి, సూపు గిన్నె పక్కన పరిచి, 'పనికిరాదు' అన్న మాట కొట్టేయమంది. ప్రిన్సిపాల్ పెన్ను తీసింది. ఆ మాట కొట్టేసి, పైన 'చేర్చుకున్నాం' అని రాసింది. అప్పుడు ఆయా చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది, మెల్లగా, ఒక్కో అక్షరం.

సోమవారం వసపిట్ట పై గదికి వెళ్లింది. అదే రోజు మధ్యాహ్నం వంటగది తలుపుకు నోటీసు అంటించారు: ఇకమీదట పిల్లలకు ప్రవేశం లేదు.

ఆయా ఆ నోటీసు రెండుసార్లు చదివింది. గేటు దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ భార్య రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని నిలబడి ఉంది, ఎక్కడ వదలాలో తెలియక.

"ఇలా ఇవ్వమ్మా" అని ఆయా పిల్లను ఎత్తుకుని, నోటీసున్న తలుపు భుజంతో తోసి, లోపలికి తీసుకెళ్లి వంటామె కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. వంటామె పిల్లను చూసి, సూపు మంట తగ్గించి, మాట్లాడటం మొదలెట్టింది.